తుఫాన్లు లేని సముద్రం

సోమవారం పొద్దున్నే కుర్చీలో కూర్చోబోతూ ఆమె తెర మీది చీటీ చూసింది. "ఒకే పేజీలో పదకొండు తేడాలు. పదకొండూ నీ వైపే. ఒకసారి వచ్చి కలువు." కింద సూపర్వైజరు గారి పొడి అక్షరాలు.

భుజాన సంచి తీయకుండానే చీటీ రెండోసారి చదివింది. వారమంతా కలిపి రెండు తప్పులు పడితేనే ఆమెకి తిండి సయించదు. అలాంటిది ఒక్క పేజీలో పదకొండా!

ఆఫీసులో ఆమెని అందరూ భూతద్దం అంటారు. తెర మీద బొమ్మని ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చు, అయినా ఆమె సొరుగులోంచి నిజం భూతద్దం తీసి తెరకి ఆనించి మరీ చూస్తుంది. బొమ్మ పెద్దదైతే అక్షరం చెదురుతుంది, అద్దంలో చెదరదు అని ఆమె వాదన. మొదట్లో వెనక నుంచి అనుకునేవాళ్ళు. ఇప్పుడు మొహం మీదే పిలుస్తున్నారు, ఆమె కూడా పలుకుతోంది.

ఆ గది నేలమాళిగలో ఉంది. కిటికీలు పైకప్పుకి ఆనుకుని ఉండడంతో వీధిలో నడిచేవాళ్ళ కాళ్ళు తప్ప ఏమీ కనిపించవు. పన్నెండు బల్లలు, పన్నెండు తెరలు. ఒక్కో తెర మీద ఎడమవైపు పాత ఓడ దినచర్య పుస్తకంలోని పేజీ ఫోటో, కుడివైపు ఖాళీ గడులు. నూరూ నూటయాభై ఏళ్ళ కిందట సముద్రం మీద తిరిగిన ఓడలవి. వాటిలో గంటగంటకీ ఒక అధికారి గాలి ఎటునుంచి వీస్తోంది, ఎంత జోరుగా ఉంది, పాదరసం అంగుళాల్లో పీడనం ఎంత, నీటి వేడి ఎంత అని రాసి పెట్టాడు. ఆ రోజుల్లో సముద్రం మీద వాతావరణం ఎలా ఉండేదో తెలుసుకోవడానికి ఈ పుస్తకాలు తప్ప వేరే సాక్ష్యం లేదట. అందుకని ఎక్కడో దూరాన ఉన్న శాస్త్రవేత్త మేడమ్ ఒకావిడ వీటిని అంకెల్లోకి ఎక్కించే పని ఈ గదికి ఇచ్చింది. ప్రతి పేజీనీ ఇద్దరు విడివిడిగా టైపు చేస్తారు. ఇద్దరి అంకెలూ కలిస్తే సరే సరి. కలవకపోతే సూపర్వైజరు గారు చూసి ఎవరిది ఒప్పో తేలుస్తారు, రెండోవాళ్ళకి తప్పు పడుతుంది. జత ఎవరో ఒకరికొకరికి తెలియకూడదని నియమం. పన్నెండు మందే ఉన్న గదిలో అది ఎంత దాగుతుందో మీరే ఊహించుకోండి.

సూపర్వైజరు గారు గాజుగదిలో పెన్సిలు చెక్కుకుంటున్నారు. గదిలో అంతా కంప్యూటర్లే అయినా ఆయన బల్ల మీద ఎప్పుడూ ఆరు పెన్సిళ్ళు ముక్కులు సూదుల్లా చేసుకుని పడి ఉంటాయి.

"కూర్చోమ్మా," అన్నారు. "ఏమిటిది? నువ్వు ఇరవయ్యేడు తొంభై నాలుగు అన్నావు. జతవాళ్ళు ఇరవయ్యెనిమిది తొంభై నాలుగు అన్నారు. పదకొండు చోట్లా ఇదే వరస."

"పేజీలో ఏడే ఉంది సార్."

"ఏడు ఉండదమ్మా. ఇరవయ్యెనిమిదిన్నరకి తగ్గితే గడి ఎర్రబడుతుంది. అంటే ఏమిటి? అది జరగని పని అని. పాత సిరా, పాకిపోయి ఎనిమిది కాస్తా ఏడైంది."

"పదకొండు చోట్లా ఒకేలా పాకిందా సార్?"

ఆయన పెన్సిలు కింద పెట్టారు. కోప్పడే మనిషి కాదు. కానీ ఆయనకి ఒకే ఒక మంత్రం ఉంది, పని ముందు, పాండిత్యం తర్వాత అని. అది రోజుకి మూడుసార్లు చదువుతారు. ఇప్పుడూ చదివారు. చదివి గొంతు తగ్గించారు.

"శుక్రవారం జాబితా వెళ్తోంది. రెండో విడత పనికి పన్నెండు మందిలో ఆరుగురినే ఉంచుకుంటారు. తప్పులు తక్కువున్న వాళ్ళని. నువ్వు ఐదో స్థానంలో ఉన్నావు. ఈ పదకొండూ నీ మీద పడితే ఏడో స్థానానికి జారిపోతావు. ఇప్పుడే నీ అంతట నువ్వు ఒప్పుకుని మార్చేస్తే తప్పు కింద వేయను, సవరణ అని రాసుకుంటాను. నీ మంచికే చెప్తున్నా."

"గాలి జోరు పన్నెండు అని రాశాడు సార్ పక్క గడిలో. దాన్ని మించిన అంకె లేదు. అంత గాలిలో పీడనం తగ్గకుండా ఎలా ఉంటుంది?"

"గాలి గడి గాలిది, పీడనం గడి పీడనానిది. రెంటికీ పెళ్ళి చేయడం మన పని కాదు."

ఆమెకి చెవులు వేడెక్కాయి. ఈ ఉద్యోగం పోతే ఈ వయసులో ఇంకోటి దొరకదని ఆమెకి తెలుసు. నలభై తొమ్మిదేళ్ళ మనిషిని, చత్వారం వచ్చిన కళ్ళని ఎవరు పిలిచి కుర్చీ వేస్తారు?

"శుక్రవారం దాకా టైమివ్వండి సార్," అంది.

"ఇచ్చాను. కానీ బుద్ధిగా ఆలోచించు."

టీ గంటలో మెట్ల దగ్గర రైలు కలిసింది. రైలు అంటే ఆ గదిలో అందరికంటే చిన్నది, పాతికేళ్ళ పిల్ల. వేళ్ళు మీటల మీద పరుగెడుతుంటే పట్టాల చప్పుడు వస్తుందని ఆ పేరు. మనసులో ఏదున్నా దాచుకోదు. పదకొండు తేడాల సంగతి అప్పుడే రైలు చెవిన పడింది.

"మార్చేయొచ్చు కదక్కా. చచ్చి నూరేళ్ళయినవాడు లేచొచ్చి నా ఏడు ఏదని అడుగుతాడా?"

"అడగడు. అందుకే కదే మనల్ని కూర్చోబెట్టింది."

"అబ్బో, మొదలెట్టావా!" అని నవ్వి, రైలు టీ కప్పు చెత్తబుట్టలో గురి చూసి వేసింది. ఆమె కళ్ళు మాత్రం భూతద్దం మొహం మీద నిలవలేదు. జతలో రెండో మనిషి ఎవరో భూతద్దానికి ఆ క్షణాన తెలిసిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

మంగళవారం మధ్యాహ్నం, అందరూ భోజనాలకి లేచాక, ఆమె ఆ పేజీ మళ్ళీ తెరిచింది. ప్రతి పేజీకీ కుడి చివర ఒక వెడల్పాటి గడి ఉంటుంది. అధికారి తనకి తోచింది రాసుకునే చోటు. అందులో అంకెలు ఉండవు కాబట్టి దాన్ని టైపు చేయమని ఎవరూ అడగలేదు. మూడేళ్ళుగా ఆమె చూపు ఆ గడి అంచు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తోంది, వీధి చివరి ఇంటి గేటు దాకా వెళ్ళి మళ్ళినట్టు.

ఇవాళ చదివింది. ఓడ ఊగుతుండగా రాసిన రాత, ఒక్కో మాటకీ నిమిషం పట్టింది. అద్దం పెట్టి ఒక్కో మాట కూడబలుక్కుంటూ కాగితం మీద ఎక్కించుకుంది. మొదటి వరస: ముందు తెరచాప చిరిగిపోయింది. రెండో వరస: వంటగది పొయ్యి ఆరిపోయింది, మూడు పూటలుగా ఎవరికీ వేడి తిండి లేదు. తర్వాత: చుక్కాని దగ్గర ఇద్దరిని అలలకి కొట్టుకుపోకుండా తాళ్ళతో కట్టాం. తర్వాత ఓడకి ఎడమ పక్క వేలాడే చిన్న పడవ కొట్టుకుపోయింది. మధ్యలో ఎక్కడో, పడవతో పాటు ఒక మనిషి.

ఆమె అద్దం కింద పెట్టి ముక్కు నలుపుకుంది. పడవ కొట్టుకుపోయిన గంట పక్కన పీడనం గడిలో 27.88 ఉంది. జతవాళ్ళ లెక్కలో అది 28.88. దానికి నాలుగు గంటల ముందు ఇద్దరి లెక్కలోనూ 28.61. అంటే జతవాళ్ళ లెక్క ప్రకారం మనిషి కొట్టుకుపోయే వేళకి సముద్రం తేరుకుంటోంది.

"ఎంత అన్యాయం," అంది పైకే. గదిలో వినేవాళ్ళు లేరు.

సాయంత్రం ఇంట్లో అత్తగారూ తనూ కూర్చుని బఠాణీలు ఒలుస్తుంటే ఈ సంగతి చెప్పింది. భర్తకి ప్రెస్సులో రెండో షిఫ్టు, ఇంటికొచ్చేసరికి బాగా పొద్దుపోతుంది, అందుకని ఈ ఇంట్లో సాయంత్రం కబుర్లన్నీ అత్తాకోడళ్ళవే. అత్తగారు ముప్ఫయ్యేళ్ళు ఆసుపత్రిలో నర్సు. చెవులు తగ్గాయి గానీ నోరు తగ్గలేదు.

"అంకె దిద్దారంటావు," అంది ఆవిడ. "ఇదో వింతా? మేం దిద్దలేదూ?"

"మీరేం దిద్దారత్తయ్యా?"

"జ్వరం పట్టీలు. నూట అయిదు వచ్చిందనుకో, పెద్ద నర్సు మళ్ళీ చూడమనేది. డాక్టర్ని పిలవమనేది. ఆ గొడవంతా ఎవడు పడతాడని నూట రెండు వేసి పక్క మంచానికి పోయేవాళ్ళు కొందరు."

"మీరూనా?"

ఆవిడ చేతిలోని కాయ పక్కన పెట్టింది. "ఒకసారి," అంది. "ఒక్కసారే. ఆ సంగతి అడక్కు."

భూతద్దం అడగలేదు. గిన్నెలో గింజలు రాలే చప్పుడు మళ్ళీ మొదలయ్యాక అత్తగారే అంది, "చూడమ్మాయ్, ఉద్యోగం పోతే పోతుంది. మీ ఆయన సంపాదన ఉంది, నా పింఛనుంది, రోడ్డున పడం. కానీ ఎవరు తప్పు చేశారా అని తిరక్కు. అది తర్వాత. ముందు రోగి ఎవరో చూడు."

"ఇక్కడ రోగి ఎవరు? అందరూ ఎప్పుడో పోయారు."

"పోతే? పట్టీ ఉందిగా," అంది అత్తగారు, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

బుధవారం ఆమెకి ఒక ఉపాయం తట్టింది. రాత్రి నిద్రలోనే తట్టి ఉంటుంది, ఎందుకంటే పొద్దున పళ్ళు తోముకుంటుంటే అది సిద్ధంగా ఉంది. ఎరుపు పోవడానికి ఒకటి కలిపినవాళ్ళు తక్కువగా ఉన్న అంకెలకే కలుపుతారు. 28.61 జోలికి పోరు, అది తెల్లగానే ఉంది కాబట్టి. దాని తర్వాతి 28.20కి కలుపుతారు, అది 29.20 అవుతుంది. అంటే కలిపిన ప్రతిచోటా పీడనం ఉన్నట్టుండి అర అంగుళం పైకి ఎగురుతుంది. గాలి జోరు పదకొండో పన్నెండో ఉండి, పీడనం అలా ఎగిరిన చోటల్లా ఎవరో చెయ్యి పెట్టారన్నమాట.

పూర్తయిన పేజీలని వెతికి చూసుకునే వీలు అందరికీ ఉంది, మార్చే వీలే లేదు. ఆమె తన రోజువారీ పేజీలు మధ్యాహ్నానికల్లా ముగించి వెతకడం మొదలుపెట్టింది. మొదటి గంటలో మూడు దొరికాయి. రెండో గంటలో తొమ్మిది. ఒక ఓడలో గాలి పన్నెండు, అలలు ఓడ డెక్కు మీదికి ఎక్కుతున్నాయి, పీడనం చూస్తే ఎండాకాలం మధ్యాహ్నంలా హాయిగా ఉంది. ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. సాయంత్రానికి నలభై మూడు పేజీలు తేలాయి. నలభై మూడు పేజీల్లో ఎన్ని తుఫాన్లో, అన్నిటినీ దువ్వి, జడ వేసి, పక్కన కూర్చోబెట్టారు.

నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం ఆమె నడక మారింది. సంచి భుజాన వేసుకుని మెట్లు రెండేసి ఎక్కింది. పదకొండు తప్పులు తనవా? రేపు తేలుస్తా ఎవరివో, అనుకుంది. అత్తగారి మాట అప్పుడామెకి గుర్తులేదు.

గురువారం ఒక్కో పేజీ చరిత్ర తెరిచింది. అక్కడ ఏ అంకె ఎవరు కొట్టారో వాళ్ళ నంబరుతో సహా ఉంటుంది. తొమ్మిది. తొమ్మిది. రెండు. తొమ్మిది. ఏడు. తొమ్మిది అంటే రైలు. పదో పేజీ దాకా చూసి ఇక ఆగలేకపోయింది. చేతులు కడుక్కునే చోట రైలుని పట్టుకుంది.

"ఎన్ని పేజీలే? చెప్పు. ఒకటి కాదు, రెండు కాదు. ఒకటి కలిపేసి చేతులు దులుపుకున్నావు, పైగా తప్పు నా మీదికి నెట్టావు!"

రైలు కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకోకుండా అలాగే నిలబడింది.

"నేను నెట్టలేదక్కా. ఎవరికి వేయాలో సారే తేలుస్తారు. నేను అందరం చేసేదే చేశాను."

"అందరం ఎవరు? నేను చేశానా?"

"నువ్వే కదక్కా నేర్పావు."

"ఏమిటీ?"

"నా మొదటి వారం, నువ్వు చేరిన నెలే. పేజీ అంతా ఎర్రబడితే నేను ఏడుపు మొహం పెట్టాను. నువ్వు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నావు. కంగారు పడకు పిల్లా, ఒకటి కలుపు, ఎరుపు పోతుంది, వెనకటివాళ్ళ ఎనిమిది ఏడులాగే ఉంటుంది అన్నావు. నా మాట నమ్మకపోతే నీ పేజీలు నువ్వే చూసుకో." రైలు తడి చేతులతోనే మొహం తుడుచుకుంది. "నువ్వు చెప్పావనే నమ్మాను. ఇంకెవరైనా చెబితే ఒకసారి అడిగేదాన్ని."

భూతద్దం ఇదంతా అబద్ధం అందామనుకుంది. కానీ ఆ మాటలు తనవే. పిల్లా అనే పిలుపు కూడా తనదే.

బల్ల దగ్గరికి వచ్చి జాబితాలో అన్నిటికంటే పాత పేజీలు తెరిచింది. పని మొదలైన మొదటి నెలవి. నాలుగు. నాలుగు. నాలుగు. నాలుగో నంబరు ఆమెదే. మొత్తం ఏడు పేజీలు. ఆ రోజుల్లో రెండో టైపు పద్ధతి ఇంకా రాలేదు, అందుకని ఎవరికీ తేడా పడలేదు. ఈ సూపర్వైజరు గారి అప్పటి గొంతు కూడా చెవిలో వినిపించింది, ఆయన వంగి తెర మీద పెన్సిలు ఆనించి, "ఎరుపు పడితే ఒకటి కలుపమ్మా, అంతే" అన్నది. ఆమె తలూపింది. కొత్త ఉద్యోగం, కొత్త కుర్చీ, తలూపక ఏం చేస్తుంది? తర్వాత ఎప్పుడో చూపు కుదిరి, అంకెల మీద మోజు పుట్టి, ఉన్నది ఉన్నట్టు కొట్టడం అలవాటైంది. అంతకుముందు చేసినదాన్ని మాత్రం మనసు శుభ్రంగా తుడిచేసుకుంది. ఈ మనసుంది చూశారూ, ఇలాంటి పనికి దాన్ని మించిన గుమాస్తా దొరకడు.

ఆ మధ్యాహ్నం ఆమె ఒక్క పేజీ కూడా కొట్టలేదు. కిటికీలో కాళ్ళు నడుస్తున్నాయి, చెప్పులు, బూట్లు, ఒక కర్ర. ఎంత సిగ్గేసిందో చెప్పలేం. రెండు రోజులుగా పళ్ళు నూరుకుంటూ వెతికిన దొంగల్లో మొదటి పేరు తనదే. జాబితా చింపేసినా ఎవరికీ తెలియదు. రేపు పొద్దున ఆ పదకొండు గడులూ మార్చేసి సవరణ అనిపించుకుంటే ఐదో స్థానం భద్రం. రైలు నోరు విప్పదు, విప్పితే తన మెడకే చుట్టుకుంటుంది.

నాలుగింటికి ఆమె ఒక తెల్ల కాగితం తీసి గీతలు గీసింది. ఓడ, తేదీ, పేజీ, ఎవరు టైపు చేశారు. నలభై మూడు వరసలు దించింది. చివరి గడిలో ఏడు చోట్ల నాలుగు అని రాసింది. మిగతా ముప్ఫయ్యారు గడులు ఖాళీగా వదిలేసింది. వాళ్ళ నంబర్లు రాయాల్సింది వాళ్ళు.

శుక్రవారం పదకొండు గంటలకి శాస్త్రవేత్త మేడమ్ ఫోను. నెలకోసారి ఆవిడ గోడ మీది పెద్ద తెరలో కనిపిస్తుంది, పన్నెండు మందీ కుర్చీలు తిప్పుకుని కూర్చుంటారు. దానికి ముందే సూపర్వైజరు గారు భూతద్దం బల్ల దగ్గర ఆగారు.

"ఏం చేశావు?"

"మార్చలేదు సార్."

"అయితే నేను చేయగలిగిందేం లేదు," అన్నారు ఆయన. గొంతులో నిజంగానే బాధ ఉంది.

మేడమ్‌ది బొంగురు గొంతు. జుట్టు సగం నెరిసింది, వెనక గోడంతా పుస్తకాలే. ముందు అందరినీ మెచ్చుకుంది. "మీ భాగం చాలా శుభ్రంగా వచ్చింది. ఎంత ప్రశాంతమైన సముద్రమో! మిగతా చోట్ల నుంచి వచ్చిన పీడనం లెక్కల్లో తుఫాన్లు చాలానే ఉన్నాయి. మీ దాంట్లో ఒక్కటీ లేదు. దాని మీద ఒక వ్యాసం రాద్దామనుకుంటున్నా."

సూపర్వైజరు గారు నవ్వుతూ తలపంకించారు. భూతద్దం లేచి నిలబడింది. బల్ల మీది కాగితం చేతిలోకి తీసుకుంది.

"రాయకండి మేడమ్. తుఫాన్లున్నాయి. మేమే తీసేశాం."

ఆమె కాగితం చూసి వరసగా చెప్పింది, గాలి పన్నెండు ఉండి పీడనం ఎగిరిన సంగతి, నలభై మూడు పేజీల సంగతి. మేడమ్ మొహంలో రంగు మారింది.

"అయితే ఆ పేజీలు నమ్మడానికి లేదు," అంది. "మళ్ళీ టైపు చేయించడానికి ఈ విడతలో నాకు వీల్లేదు. తీసి పక్కన పెట్టేద్దాం."

"తీసేయకండి మేడమ్. ఎలా మార్చామో చెప్తాను, మీరే వెనక్కి తిప్పుకోవచ్చు. ఇరవయ్యెనిమిదిన్నరకి తగ్గితే ఒకటి కలిపాం. అంతే. ఇంకేం ముట్టుకోలేదు."

"అంత కచ్చితంగా మీకెలా తెలుసు?"

"మొదటి ఏడు పేజీలూ నేనే మార్చాను. నా నంబరు నాలుగు."

మాట బయటికి వచ్చేశాక ఊపిరి తేలిగ్గా ఆడింది. మేడమ్ కళ్ళజోడు తీసింది. "ఆ ఇరవయ్యెనిమిదిన్నర గీత పెట్టింది నేనే. ఎర్రబడితే మళ్ళీ ఒకసారి చూడమని పెట్టాను, మార్చమని కాదు. మీకెవరు చెప్పారు మార్చమని?"

సూపర్వైజరు గారి చేతిలో పెన్సిలు ఆగిపోయింది. భూతద్దం ఆయన వైపు చూడలేదు.

"చెప్పినవాళ్ళ సంగతి ఎందుకు మేడమ్. చేసింది ఈ చేతులు."

మేడమ్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. తర్వాత అంది, "ఆ ఏడింటిలో ఒక పేజీ తెరవండి. కుడి చివర గడిలో ఏముందో చదవండి. అది మాకు ఎప్పుడూ రాలేదు."

భూతద్దం మొదటి పేజీ తెరిచింది. ఆ గడి తను కూడా చదవలేదు. నిన్న నంబరు చూసి మూసేసిందే తప్ప అటు కన్నెత్తలేదు. అద్దం తీసి తెరకి ఆనించింది. రాత చిన్నది, గుండ్రంగా, ఓపిగ్గా ఉంది. అంత తుఫానులోనూ ఎక్కడా ఒక కొట్టివేత లేదు. ఆమె మాట మాటా పేర్చుకుంటూ చదివింది.

"తెల్లవారుజాము నాలుగు గంటలకి పీడనం 27.91. ఇంత తక్కువ అంకె నా జన్మలో చూడలేదు. నా కళ్ళ మీద నాకే నమ్మకం కలగక రెండో అధికారిని నిద్ర లేపి, నా అంకె చెప్పకుండా, విడిగా చూసి రమ్మన్నాను. అతనికీ అదే వచ్చింది. తర్వాత చదివేవారు దీన్ని పొరపాటు అనుకోవద్దని మనవి."

ఆ వరసకి ఎదురుగా, కుడివైపు గడిలో, తన చేత్తో కొట్టిన 28.91 తెల్లగా, బుద్ధిగా కూర్చుని ఉంది.

మేడమ్, వచ్చే విడత నుంచి ఆ కుడి చివర గడి కూడా టైపు చేయాలని, ఎరుపుని ఎవరూ ముట్టుకోకూడదని చెప్పింది. ఈ నలభై మూడు పేజీలూ మీకు వీలైతే సరిచేసి పంపండి, బలవంతం లేదు అంది. తెర ఆరిపోయింది.

సూపర్వైజరు గారు భూతద్దాన్ని గాజుగదిలోకి పిలిచారు. కూర్చోమనలేదు, ఆయనా కూర్చోలేదు.

"ఆ పదకొండూ కొట్టేస్తాను. అవి నీ తప్పులు కావు. కానీ ఏడు పేజీల్లో నువ్వు ఒప్పుకున్నవి ఉన్నాయి. అవి వేయక తప్పదు. ఎనిమిదో స్థానానికి పోతావు."

"తెలుసు సార్. వేయండి."

ఆయన ఇంకేదో అనబోయారు. పెదవులు కదిలాయి కూడా. ఆమె ఎదురుచూసింది. ఆయన తల వంచుకుని పెన్సిలు ముక్కు చూసుకున్నారు, అది పదునుగానే ఉంది.

మూడింటికి జాబితా గోడకి ఎక్కింది. ఆరు పేర్లలో ఆమె లేదు. రైలు ఉంది, నాలుగో వరసలో. అందరూ చూసి, భూతద్దం వైపు చూడకుండా, ఎవరి కుర్చీకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆమె మాత్రం వేళ్ళ మీద లెక్క కట్టుకుంటోంది. ఈ ఉద్యోగం నెలాఖరు దాకా, ఇంకా తొమ్మిది పనిదినాలున్నాయి. నలభై మూడు పేజీలు. రోజుకి ఐదేసి చేస్తే సరిపోతుంది, రెండు పేజీల వెసులుబాటు కూడా ఉంది. వెళ్ళేలోపు ఇవి ఇలా వదిలి వెళ్ళే ప్రసక్తే లేదు.

మొహం కడుక్కుని వచ్చేసరికి బల్ల మీది కాగితం కొంచెం జరిగి ఉంది. ఖాళీగా వదిలిన గడుల్లో పధ్నాలుగు చోట్ల ఎవరో తొమ్మిది అని రాశారు. అక్షరం హడావిడిగా, వంకరగా ఉంది.

రైలు కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి ఎదుటి తెర ముందు కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రెండో టైపు నాకివ్వక్కా."

"సార్‌కి ఆ కాగితం వెళ్తే నీ పేరు గోడ మీద ఉండదే."

"తెలుసులే. పేజీ ఏదో చెప్పు."

చెప్పింది. "నా తెర వైపు చూడకు. నీకు కనబడిందే కొట్టు."

"చూడను."

ఇద్దరూ కొట్టడం మొదలుపెట్టారు. రైలు వేళ్ళు ఇవాళ పరుగెత్తలేదు, ఒక్కో గడి దగ్గరా ఆగి, మెడ చాచి, మళ్ళీ కదిలాయి. ఇరవై నాలుగు వరసలకి ముప్పావు గంట పట్టింది. భూతద్దం ముందు ముగించి ఎదురుచూసింది. తన తెర మీద తొమ్మిది గడులు ఎర్రగా ఉన్నాయి. ఎదుటివైపు ఎన్ని ఉన్నాయో ఆమె అడగలేదు.

"అయింది," అంది రైలు.

భూతద్దం రెంటినీ సరిపోల్చే మీట నొక్కింది. తెర ఒక్క క్షణం ఆలోచించుకుని జవాబు చెప్పింది. తేడాలు: సున్నా.